హెబ్బగోడి పేరును యంత్రాలు ఎలా రాశాయి?

హెబ్బగోడి అన్న పేరు తెలుగులో నాలుగు అక్షరాలు. హకారం మీద ఎత్వం హ్రస్వం, గకారం మీద ఓత్వం దీర్ఘం, నడుమ బకారానికి బకారమే ఒత్తు. కన్నడంలో రాసినా ఈ లెక్క మారదు. అదే పేరును బోర్డుల మీదా బిల్లుల మీదా రాసే మామూలు రోమన్‌లో రాస్తే తొమ్మిది అక్షరాలవుతాయి. కాని ఏ స్వరం పొట్టిదో ఏది పొడుగుదో, చివరిది డకారమో దకారమో చెప్పే గుర్తు అందులో ఒక్కటీ ఉండదు. బెంగళూరు నుంచి హొసూరు వెళ్లే దారిలో ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే వచ్చే ఈ ఊరు ఆనేకల్ తాలూకాలోది. కన్నడ, తెలుగు, తమిళాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే ప్రాంతం. 2025 ఆగస్టు 10న మొదలైన పసుపు రంగు మెట్రో మార్గంలో ఈ ఊరి పేరుతో స్టేషను కూడా వెలిసింది.

ఆ దారి పేరు సంగతే చూడండి. కన్నడంలో ‘హొస’ అంటే కొత్త. హొసూరు అంటే మన కొత్తూరే. మొదటి ఒకారం హ్రస్వం. అయినా తెలుగు రాతల్లో ‘హోసూరు’ తరచు కనబడుతుంది. గుర్తు లేని రోమన్ ఒకారాన్ని చూసి మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవడం దీనికి ఒక కారణమని మా అభిప్రాయం. ఊరి పేరుతో ఇది ఆగిపోతే బాధ లేదు. రమ, రామ, రామా అన్న మూడు పేర్లూ రోమన్‌లో ఒకే నాలుగు అక్షరాలు. తెలుగునాడు వెలుపల చదువుకునే విద్యార్థి పేరు ఒక కార్యాలయంలో రోమన్‌లోకి మారి, ఇంకో కార్యాలయంలో యంత్రం చేత కన్నడంలోకి మారి, ధ్రువపత్రం మీద అచ్చయి వచ్చేసరికి ఆ పేరు ఎవరిదో రుజువు చేసుకోవలసిన భారం విద్యార్థి మీద పడుతుంది. అందుకే ఈ చరిత్ర తెలుసుకోవడం కేవలం కంప్యూటరు చదువుకునేవారి పని అని మేము అనుకోవడం లేదు.

గుర్తులు పెట్టిన రోమన్ లిపి కంప్యూటరు కంటే చాలా పాతది. స్వరం మీద అడ్డగీత పెడితే దీర్ఘం, హల్లు కింద చుక్క పెడితే మూర్ధన్యం. పందొమ్మిదో శతాబ్దపు పండితులు ఇలాంటి పద్ధతులు ఎవరికి తోచినట్టు వారు వాడుతుంటే, 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్య విద్వాంసుల సభ ఒక ఒప్పందానికి దారి వేసింది. సంస్కృతానికి అది చక్కగా సరిపోయింది. తెలుగుకు ఒక చిక్కు మిగిలింది. సంస్కృతంలో ఏ, ఓలు ఎప్పుడూ దీర్ఘాలే కనుక వాటి మీద గీత అక్కర లేదు. మనకు ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. సంస్కృతపు అలవాటుతో తెలుగును రోమన్‌లో రాసిన గ్రంథాల్లో ఈ రెండు జంటలూ కలిసిపోయి కనబడతాయి. గ్రంథాలయ సూచికలు పాటించే పద్ధతిలో మాత్రం తెలుగు దీర్ఘ ఏ, ఓల మీద గీత తప్పనిసరి. 2001లో వెలువడిన 15919 సంఖ్య గల అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ భేదాన్ని నిలిపింది.

గుర్తులు పెట్టే అవసరం రోమన్‌కే పరిమితం కాదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. ‘చీమ’లోని చకారమూ ‘చలి’లోని చకారమూ ఒక్కటి కావు, రెండోది దంత్యం. సి.పి. బ్రౌను తన నిఘంటువులో దంత్య చ, జలకు నెత్తిన గుర్తు పెట్టి వాటిని వేరు చేశాడు. నెత్తిన గుర్తున్న అక్షరాలు మన లిపిలోనూ ఉన్నాయన్నమాట. కంప్యూటరు పట్టికలో వాటికి చోటు దొరకడానికి 2008 దాకా ఆగవలసి వచ్చింది.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పేది సంకేత పట్టిక. 1963లో అమెరికాలో రూపొందిన ఆస్కీ పట్టికలో 128 స్థానాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, నియంత్రణ సంకేతాలతోనే అది నిండిపోయింది. గీతలకూ చుక్కలకూ చోటు లేదు. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగు విద్యార్థులు ఈ ఇరుకులోనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు అని రెండు బడులున్నాయి కదా. తకారానికి చిన్నది, టకారానికి పెద్దది. ఒకారానికి చిన్నది, ఓకారానికి పెద్దది. ఆర్‌టీఎస్ అన్న పేరుతో ఈ పద్ధతి విదేశాల్లోని తెలుగువారి ఎలక్ట్రానిక్ ఉత్తరాలన్నిటా పాకింది. గుర్తు చేయవలసిన పనిని అక్షరం పరిమాణం చేసింది. దీని బలహీనత ఎక్కడుందో ఊహించవచ్చు. పేర్లన్నిటినీ పెద్ద అక్షరాల్లోకి మార్చే కార్యాలయపు ప్రోగ్రాము చేతిలో పడితే హ్రస్వదీర్ఘాలు, త-ట భేదం ఒక్క దెబ్బతో పోతాయి.

ఐరోపా భాషల కోసం 1987లో 8859-1 అన్న ప్రమాణం వచ్చింది. లాటిన్-1 అని వ్యవహారం. ఆస్కీ స్థానాల పైన 160 నుంచి 255 వరకు ఉన్న చోట ఫ్రెంచి, జర్మను, స్పానిషుల గుర్తుల అక్షరాలను పెట్టారు. మనకు కావలసిన అడ్డగీత అక్షరాలు గాని, కింద చుక్క ఉన్న హల్లులు గాని అందులో లేవు. దీర్ఘానికి బదులు ఫ్రెంచి టోపీ గుర్తు పెట్టి సరిపెట్టుకున్నవారు ఉన్నారు. సంస్కృతజ్ఞులు 1990లో వియన్నా ప్రపంచ సంస్కృత సభ సందర్భంలో తమకంటూ ఒక ఎనిమిది బిట్ల పట్టిక ఏర్పరచుకున్నారు. ఇక తెలుగు అచ్చువారు చేసిన పని వేరు. ఆ ఫ్రెంచి, జర్మను అక్షరాల ఇళ్లను ఖాళీ చేయించి అందులో తెలుగును కాపురం పెట్టారు.

ఈ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడి బొమ్మలుగా తీసుకుంటే రెండు వందల చిల్లర స్థానాల్లో ఇమడవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒకటి, ఒత్తులు విడివిడిగా. ఏ ముక్క ఏ స్థానంలో ఉండాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ నిర్ణయించుకుంది. శ్రీలిపి ఒక రకం, అను ఒక రకం. పత్రికలు తమవి తాము చేయించుకున్నాయి. ఫైలులో నిజంగా ఉన్నది ఐరోపా అక్షరాల అంకెలే. ఫాంటు అనే ముసుగు ఉన్నంతసేపు అవి తెలుగుగా కనబడతాయి. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే గీతలు, చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఐరోపా అక్షరాల గుంపు బయటపడుతుంది. ఒక కంపెనీ ఫాంటుతో కూర్చిన పాఠాన్ని ఇంకో కంపెనీ ఫాంటులోకి మారిస్తే వచ్చేది తెలుగు లిపే, కాని ఏ భాషా కాదు.

అప్పటికే ఇంతకంటే మంచి దారి ఒకటి ఉంది. కాన్పూరు ఐఐటీలో మొదలై పూణేలోని సీ-డాక్ చేతిలో పెరిగిన జిస్ట్ పరిశోధన ఫలితంగా ఇస్కీ అనే భారతీయ ప్రమాణం ఏర్పడింది. 1991లో దానికి 13194 సంఖ్య ఇచ్చారు. అందులో స్థానం బొమ్మకు కాదు, వర్ణానికి. పైగా భారతీయ లిపులన్నిటికీ ఒకే పట్టిక. కకారం ఏ లిపిలోనైనా ఒకే అంకె; ఏ లిపిలో చూపాలన్నది మధ్యలో వచ్చే ఒక ప్రత్యేక సంకేతం చెబుతుంది. హెబ్బగోడి అందులో తొమ్మిది అంకెలు. ఆ తొమ్మిదీ తెలుగుకూ కన్నడానికీ ఒక్కటే. లిపి సంకేతం మార్చగానే కన్నడ పేరు తెలుగు పేరుగా, గుర్తులున్న రోమన్ పేరుగా మారిపోతుంది. సరిహద్దు ఊళ్లకు ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు మళ్లీ రాలేదని మేము భావిస్తున్నాం. అయినా డీటీపీ లోకం దాన్ని పట్టించుకోలేదు. వారికి కావలసింది కాగితం మీద అందమైన పుట. పుట అచ్చయ్యాక ఫైలు ఏమైపోయినా వారికి పట్టదు. కన్నడంలోనూ ఇదే కథ. 1998లో వచ్చిన బరహ, కన్నడ గణక పరిషత్తు తయారుచేసిన నుడి ఎంత సేవ చేసినా, వాటితో కూర్చిన ఆనాటి పాఠాలు ఫాంటుకు కట్టుబడినవే.

1991లో యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. ఇస్కీకి ముందున్న 1988 నాటి భారతీయ పట్టికను అది ఆధారంగా తీసుకుంది. అయితే ప్రతి లిపికీ వేరే వీధి కేటాయించింది. తెలుగు వీధి 3072తో, దాని పక్కనే కన్నడ వీధి 3200తో మొదలవుతుంది. తెలుగు హకారం 3129, కన్నడ హకారం 3257. హెబ్బగోడిలోని తొమ్మిది సంకేతాల్లో ప్రతిదానికీ 128 కలిపితే అదే పేరు కన్నడంలో వస్తుంది. గీతలూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాలకు కూడా యూనికోడులో చోటు దొరికింది. ఈ పెద్ద అంకెలను ఎనిమిది బిట్ల ముక్కలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు రావడంతో మామూలు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు చదవడం సాధ్యమైంది. పోతన, వేమన పేర్లతో స్వచ్ఛందంగా చేసిన ఫాంటులూ తోడయ్యాయి.

దీనితో కష్టాలు తీరాలి. తీరలేదు. కొత్త పద్ధతిలో దాచిన పాఠాన్ని పాత పట్టికతో చదివే ప్రోగ్రాములు మిగిలే ఉన్నాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు ముక్కలు. హకారం 224, 176, 185. లాటిన్-1 పట్టికలో 224 అంటే ఫ్రెంచివారు వాడే, నెత్తిన వాలుగీత ఉన్న మొదటి అక్షరం. 176 అంటే ఉష్ణోగ్రత అంకె పక్కన పెట్టే చిన్న సున్న. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి ముక్క 224, రెండో ముక్క 176 గాని 177 గాని. 177 అంటే కూడిక తీసివేతల జంట గుర్తు. అందుకే చెడిన తెలుగు పత్రంలో వాలుగీత అక్షరం, చిన్న సున్న. వాలుగీత అక్షరం, జంట గుర్తు—ఇవే మళ్లీ మళ్లీ కనబడతాయి. కన్నడానికి రెండో ముక్క 178 లేదా 179. లాటిన్-1లో అవి వర్గం, ఘనం గుర్తించే చిన్న 2, చిన్న 3. చెడిన పత్రం చేతికొస్తే, ఒక్క అక్షరం చదవలేకపోయినా, అది మొదట తెలుగులో ఉందో కన్నడంలో ఉందో ఇలా చెప్పేయవచ్చు.

ఇక్కడ విద్యార్థులు ఒక భేదం పట్టుకోవాలి. వాలుగీత అక్షరం క్రమం తప్పకుండా ప్రతి మూడో చోటా వస్తుంటే పాఠం భద్రంగా ఉంది. సరైన పట్టికతో తెరిస్తే చాలు. గుర్తుల అక్షరాలు ఏ క్రమమూ లేకుండా కలగాపులగంగా ఉంటే అది పాత ఫాంటు పాఠం. ఏ ఫాంటో కనిపెట్టాలి. ఖాళీ చతురస్రాలు కనిపిస్తే ఫాంటు ఒక్కటే లేదు, పాఠానికి ఏ లోటూ లేదు. అక్షరానికొక ప్రశ్నార్థకం ఉంటే మాత్రం అసలు అంకెలు చెరిగిపోయాయి, ఇంక ఆ ఫైలును ఎవరూ బాగుచేయలేరు. మా దృష్టిలో ఎక్కువ నష్టం జరిగేది యంత్రం పొరబడినప్పుడు కాదు. వింత అక్షరాలను చూసి కంగారుపడి, ఆ రూపంలోనే మళ్లీ దాచినప్పుడు, లేదా వాటిని ఒక్కొక్కటిగా చెరిపి ‘శుభ్రం’ చేసినప్పుడు.

అలా దాచిన పాఠంలో ఏమేం పోతాయన్నది ఆసక్తికరమైన విషయం. లాటిన్-1కు విండోస్‌లో చేసిన 1252 అనే కూర్పులో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. కొన్ని ప్రోగ్రాములు ఈ అంకెలను ముట్టకుండా వదిలేస్తాయి, కొన్ని వాటి చోట ప్రశ్నార్థకం పెడతాయి. తెలుగులో చివరి ముక్కగా 129 వచ్చేది కొమ్ముకు, 141 వచ్చేది పొల్లుకు. ఒత్తు ఏర్పడేది పొల్లుతోనే కనుక హెబ్బగోడిలో ఒత్తు విడిపోయి ‘హెబబగోడి’ మిగులుతుంది. మిగిలిన మూడు స్థానాలతో ఏ, ఐ, ఝ పోతాయి. భకారం చివరి ముక్క 173. అది కంటికి కనబడని పదవిభజన గీత కనుక శుభ్రం చేసే ప్రోగ్రాములు దాన్ని ఊడ్చేస్తాయి. కొమ్ములూ ఒత్తులూ లేని తెలుగు పత్రం ఎదురైతే అది ఏ దారిలో ప్రయాణించి వచ్చిందో ఇప్పుడు ఊహించవచ్చు. కన్నడానికీ ఇదే స్థానాల్లో ఇదే నష్టం. 128 తేడా చివరి ముక్కను మార్చదు.

ధ్రువపత్రాలు, రసీదుల వంటివి యంత్రం తనంతట తాను కూర్చే పత్రాలు. పేర్ల భాండాగారం ఒక పట్టికలో ఉండి, పత్రం కూర్చే ప్రోగ్రాము ఇంకొక పట్టిక అనుకుంటే చాలు, చిక్కు మొదలవుతుంది. ఎక్కువమంది వాడే మైఎస్‌క్యూఎల్‌లో, మనం వేరే చెప్పకపోతే, 2018లో 8.0 కూర్పు వచ్చేదాకా లాటిన్-1 పట్టికే అమలయ్యేది. అక్షరక్రమం స్వీడిషు భాషది! దాన్ని తయారుచేసినవారిది స్వీడన్ మరి. మన వేంకటేశ్వర్లూ వరలక్ష్మీ అందులో స్వీడిషు క్రమంలో నిలబడ్డారు. దిద్దుబాటు కష్టమైనది కాదు. భాండాగారానికి, దానితో మాట్లాడే ప్రోగ్రాముకు, తయారయ్యే పత్రానికి—మూడింటికీ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. ఇప్పటికే రెండుసార్లు మారిన పాఠమైతే మారిన వరుసకు ఎదురు వరుసలో వెనక్కి నడిపించాలి. ఒకదాన్ని మాత్రం సరిచేసి వదిలిపెడితే నిన్నటి పేర్లు ఒక రకంగా, ఇవాళ్టి పేర్లు ఇంకో రకంగా మిగులుతాయి.

విదేశీ గ్రంథాలయాల్లో తెలుగు పుస్తకాలు వెతికేవారికి ఇంకొక ఇబ్బంది తెలిసి ఉండాలి. పీఎల్-480 పథకం కింద 1962 నుంచి అమెరికా గ్రంథాలయాలకు చేరిన మన పుస్తకాల పేర్లు గుర్తుల రోమన్‌లో సూచికలకెక్కాయి. ఆ యంత్ర సూచికల పాత పట్టికలో గుర్తు ముందు, అక్షరం తరువాత. యూనికోడులో అక్షరం ముందు, గుర్తు తరువాత. క్రమం తిప్పకుండా మార్చిన సూచికలో రామాయణంలోని దీర్ఘపు గీత ఆకారాన్ని వదిలి రేఫ నెత్తికెక్కుతుంది. సరిగ్గా మార్చిన చోట కూడా ఆకారాన్ని 257 అన్న ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా 97, 772 అని అక్షరం-గుర్తు జంటగా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. వెతికే యంత్రం వాటిని ఒక రూపానికి తెచ్చి పోల్చకపోతే మీరు అడిగిన పుస్తకం అల్మారాలో ఉండి కూడా లేదన్న జవాబు వస్తుంది.

పాత ఫాంటు పాఠాల సంగతికి వద్దాం. 2000ల దశకంలో నాగార్జున వెన్నా తయారుచేసిన పద్మ అనే ఉపకరణం అనేక తెలుగు పత్రికల ఫాంటు పాఠాలను యూనికోడులోకి మార్చి చూపింది. ఇలాంటి మార్పిళ్లలో తరచు దొర్లే దోషం ఒకటి ఉంది. ‘వచ్చే’ అన్న మాటలో యూనికోడు ప్రకారం ఒత్తు ముందు, ఏత్వం తరువాత. పాత ఫాంటులో కూర్చేవారు చే రాసి, ఆ తరువాత కింద ఒత్తు తగిలించేవారు. ముక్కలను ఉన్న వరుసలోనే మారిస్తే ‘వచే్చ’ అని విరిగిన మాట వస్తుంది. 1993లో పుట్టిన పీడీఎఫ్ పత్రాల నుంచి తెలుగును నకలు తీసినప్పుడూ ఇదే జరుగుతుంది, ఎందుకంటే అవి దాచుకునేది ప్రధానంగా బొమ్మల వరుసను. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక లోపల పెట్టకపోతే పుట చూడడానికి నిండుగా ఉంటుంది, వెతికితే మాత్రం ఒక్క మాట దొరకదు.

1990లలో తెలుగునాడు వెలుపలి సంఘాలు వేసిన సంచికలు, సభా విశేష సంపుటాలు ఇలాంటి ఫైళ్లలోనే ఉండిపోయాయి. ఎవరి దగ్గరైనా ఆనాటి ఫ్లాపీలు, సీడీలు ఉంటే ఫైలుతో పాటు దాన్ని కూర్చిన ఫాంటును కూడా విడిగా దాచమని కోరుతున్నాం. ఫాంటు పేరు తెలిస్తే ఒక కాగితం మీద రాసిపెట్టండి. మార్చిన పాఠాన్ని అసలు ఫైలు మీద ఎక్కించవద్దు. అచ్చుప్రతి ఒక్క పుట దొరికినా పక్కన ఉంచండి. ఫైలులోని 200వ అంకె గుడో, కొమ్మో, వట్రుసుడో తేల్చవలసి వచ్చినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ పుటే ఆధారం.